ఇంధన ట్యాంకు మూత పోయేది ఎక్కడ? చిన్న విమానాల విషయంలో అపోహలు - వాస్తవాలు

చిన్న ప్రైవేటు విమానాల నిర్వహణ, మరమ్మతు నా వృత్తి. ఇంజన్ గురించి, ప్రొపెల్లర్ గురించి ఎంతసేపైనా మాట్లాడే యజమానులు రెక్క మీది ఇంధన ట్యాంకు మూత గురించి మాత్రం అది పోయాకే అడుగుతారు. అరచేతిలో ఇమిడే ఆ మూత లేకపోతే నిండు ట్యాంకుతో ఎగిరిన విమానం కూడా దారి మధ్యలో ఇంధనం అయిపోయి దిగాల్సి రావచ్చు. దీనికి మందు ఖరీదైనదేమీ కాదు. అందుకే పైలట్ల నోట మళ్లీమళ్లీ వినే మాటలను ఒక్కొక్కటే తీసుకుని, వాటిలో తప్పేమిటో చెప్పాలనుకుంటున్నాను.

అపోహ: మూతలు గాలిలో ఊడిపోతాయి.

వాస్తవం: బిగించి పట్టుకునే చెవులు అరగని, సీలు బాగున్న మూతను సరిగ్గా కూర్చోబెట్టి బిగిస్తే అది గాలిలో ఊడటం చాలా అరుదు. మూతలు నేల మీదే పోతాయి. కచ్చితంగా చెప్పాలంటే, ఇంధనం పోసే ఆ కాసేపట్లోనే పోతాయి. మూత తీసి రెక్క మీద పెడతారు. నాజిల్ బయటికి తీసే సమయానికి ఎవరో పిలుస్తారు, ఫోను మోగుతుంది, రసీదు మీద సంతకం అడుగుతారు, వాన మొదలవుతుంది. నిచ్చెన దిగాక మనసులో ఆ పని పూర్తయిపోయినట్టే ఉంటుంది. తర్వాత విమానం రన్‌వే దాకా నేల మీద నడిచేటప్పటి (ట్యాక్సీ) కుదుపులకో, టేకాఫ్ గాలికో మూత జారిపోతుంది. అది రన్‌వే మీద పడితే వెనక వచ్చే విమానం టైరుకు, ప్రొపెల్లర్‌కు కూడా ముప్పే.

రెండో రకం ఇంతకన్నా నన్ను ఎక్కువ భయపెడుతుంది. మూత రంధ్రంలో కూర్చునే ఉంటుంది, కానీ తిప్పి బిగించలేదు. దూరం నుంచి చూసినవారికి అంతా సవ్యంగానే కనిపిస్తుంది. సెస్నా 172 లాంటి పైరెక్క విమానంలో, అంటే రెక్క క్యాబిన్ పైన ఉండే విమానంలో, అయితే నేల మీద నిలబడి చూస్తే మూతే కనబడదు, సీట్లో కూర్చున్నాకా కనబడదు. పైపర్ చెరకీ లాంటి కిందిరెక్క విమానం నడిపేవారికి కిటికీలోంచి మూత కనిపించే సౌకర్యం ఉంది. ఇంజన్ స్టార్ట్ చేసే ముందు రెండు వైపులా ఒకసారి చూడటం వారికి రెండు క్షణాల పని. పైరెక్క విమానం వారికి ఆ రెండో అవకాశం లేదు కాబట్టి నిచ్చెన మీద ఉండగానే తేల్చుకోవాలి.

అపోహ: జాగ్రత్తగా ఉండేవాళ్లకు ఇలా జరగదు.

వాస్తవం: ఎంతో క్రమశిక్షణ గల పైలట్లకు, ఏళ్ల తరబడి ఇంధనం పోసిన చేతులకు కూడా జరిగింది. జాగ్రత్త అనేది మన మనసు ఎక్కడుందో దాని మీద ఆధారపడుతుంది. పని మధ్యలో ఆగితే మనసు చేసిన పనినీ, చేయాలనుకున్న పనినీ కలిపేసుకుంటుంది. కాబట్టి జ్ఞాపకాన్ని నమ్ముకోకుండా పని వరసనే మార్చుకోవాలని నా దగ్గరికి వచ్చే ప్రతి ఒక్కరికీ చెబుతాను.

ముందు బాండింగ్ కేబుల్, అంటే స్థిర విద్యుత్ నిప్పురవ్వ పుట్టకుండా విమానాన్నీ ఇంధనం పోసే పరికరాన్నీ కలిపే తీగ, తగిలించండి, ఆ తర్వాతే మూత తీయండి. ఒకసారికి ఒక్క మూతే తెరవండి. రెండు ట్యాంకులూ తెరిచి పెట్టుకోవడం వల్ల మిగిలే సమయం ఏమీ లేదు. తీసిన మూతను రెక్క మీద పెట్టకండి. గొలుసు ఉంటే వేలాడనివ్వండి, లేకపోతే నాజిల్ పట్టని చేతిలోనే ఉంచుకోండి. నాజిల్ బయటికి రాగానే, దాన్ని కింద ఉన్నవారికి అందించేలోపే, మూత పెట్టి బిగించండి. ఆ తర్వాతే రెండో రెక్క వైపు కదలండి. రెండు మూతలూ బిగిసేదాకా బాండింగ్ కేబుల్ తీయకండి, నిచ్చెనను విమానం దగ్గర నుంచి తీసేయకండి. రెక్క ముందు నిచ్చెన ఉన్నంతసేపు ఎవరూ విమానాన్ని కదిలించరు. అంతకన్నా మంచి హెచ్చరిక పలక ఇంకోటి లేదు.

మధ్యలో ఎవరైనా పిలిస్తే? వెళ్లండి, కానీ తిరిగొచ్చాక ఆపిన చోటి నుంచి కాకుండా మొదటి మూత నుంచి మళ్లీ మొదలుపెట్టండి. కళ్లతో చూసి ఊరుకోకండి. మూత మీద చెయ్యి వేసి, తిప్పబోయి, పైకి లాగబోయి చూడండి. రెంటికీ కదలకపోతేనే బిగిసినట్టు. ఈ అలవాటు నేర్చుకున్నాక మళ్లీ మూత పోగొట్టుకున్నవారిని నేను చూడలేదు.

అపోహ: ఇంధనం పోసినవారు మూత పెట్టకపోతే అది వాళ్ల తప్పు.

వాస్తవం: తప్పెవరిదైనా గాలిలో ఉండేది మీరు. ఎగరడానికి ముందు విమానం పరిస్థితికి బాధ్యుడు పైలట్ ఇన్ కమాండే, అంటే ఆ ప్రయాణానికి నాయకుడైన పైలటే. వేరేవాళ్లు ఇంధనం పోశారంటే మీరు నిచ్చెన ఎక్కడానికి కారణం పెరిగిందనే అర్థం. మీరు ప్రీఫ్లైట్ (ఎగిరే ముందు చేసే తనిఖీ) ముగించాక ట్యాంకర్ వచ్చిందనుకోండి, మీ ప్రీఫ్లైట్‌లో మూతల భాగం రద్దయినట్టే. మళ్లీ ఎక్కి చూడాలి.

అపోహ: మూత లేకపోయినా కొంచెం ఇంధనమే పోతుంది. ఎదురు గాలి దాన్ని లోపలికే నెట్టి ఉంచుతుంది.

వాస్తవం: ఇది పూర్తిగా తలకిందులు. ఎగురుతున్నప్పుడు రెక్క పైన పీడనం తగ్గుతుంది, విమానాన్ని మోసేది ఆ తేడాయే. సెస్నా 172ఎస్ గరిష్ఠ బరువు 1,157 కిలోలు, రెక్క వైశాల్యం సుమారు 16 చదరపు మీటర్లు. అంటే రెక్క పైకీ కిందికీ మధ్య సగటున చదరపు మీటరుకు 70 కిలోల పైచిలుకు తేడా ఉండాలి. లీటరుకు 0.72 కిలోలు తూగే విమాన పెట్రోలుకు లెక్కిస్తే, ఆ తేడా దాన్ని సుమారు 10 సెంటీమీటర్లు పైకి లేపగలదు. నిండు ట్యాంకులో ఇంధనం మూత అంచుకే ఉంటుంది కాబట్టి స్ట్రాతో పీల్చినట్టు వచ్చేస్తుంది. మట్టం తగ్గే కొద్దీ ధార నెమ్మదిస్తుంది గానీ, కుదుపులకు చిందుతూనే ఉంటుంది.

వేగం తగ్గిస్తే ఆగుతుందని కొందరు అనుకుంటారు. నిదానంగా ఎగిరినా రెక్క మోయాల్సిన బరువు అంతే, కాబట్టి పీల్పు కూడా ఇంచుమించు అంతే.

ఇది ఒక ట్యాంకుతో ఆగకపోవచ్చు కూడా. సెస్నా 172లో గాలి వెంట్, అంటే ట్యాంకులోకి గాలి వచ్చే గొట్టం, ఎడమ రెక్క కింద, రెక్కను మోసే ఏటవాలు కమ్మీ (స్ట్రట్) దగ్గర ఉంటుంది. రెండు ట్యాంకుల పైభాగాలనూ ఒక గొట్టం కలుపుతుంది. ఏ ట్యాంకు నుంచి ఇంధనం రావాలో ఎంచుకునే సెలెక్టర్‌ను రెండు ట్యాంకుల మీద ఉంచితే కింద ఇంధనపు దారులూ కలుస్తాయి. ఒక వైపు మూత లేకపోతే రెండో వైపు ఇంధనం కూడా ఇటు వచ్చి బయటికి పోవచ్చు. 172ఎస్‌లో వాడదగిన ఇంధనం 53 గ్యాలన్లు, అంటే సుమారు 200 లీటర్లు. కాగితం మీద అయిదు గంటల ప్రయాణం అనుకుని బయల్దేరినవారికి అందులో ఎంత మిగిలిందో చెప్పే నమ్మకమైన సాధనం గాలిలో లేదు.

అపోహ: ఎంత ఇంధనం ఉందో గేజీ చూపిస్తుందిగా.

వాస్తవం: కొన్ని విమానాల్లో ఇంధనం రబ్బరు సంచుల్లో, అంటే బ్లాడర్ ట్యాంకుల్లో ఉంటుంది. వాటిలో మూత పోతే పై నుంచి వచ్చే పీల్పు సంచి అడుగునే పైకి లాగవచ్చు. అడుగుతో పాటు, ఇంధనంపై తేలుతూ మట్టం చెప్పే గేజీ ఫ్లోటూ పైకి లేస్తుంది. ట్యాంకు ఖాళీ అవుతుంటే సూది నిండుగా ఉందని చూపిస్తుంది. ఎంతసేపటికీ కదలని సూదిని చూసి సంతోషించకండి. ఎగిరిన సమయాన్ని బట్టి ఎంత ఖర్చయి ఉండాలో వేసుకున్న లెక్కతో పోల్చండి. లెక్క కన్నా గేజీ ఎక్కువ చూపినా, తక్కువ చూపినా అనుమానించాల్సిందే.

అపోహ: గొలుసు ఉంటే మూత పోదు.

వాస్తవం: గొలుసు మంచిదే, ఉంచుకోండి. రెక్క మీద మూత మరచిపోయే ప్రమాదాన్ని అది చాలావరకు తప్పిస్తుంది. కానీ మూత దొరకడం వేరు, ట్యాంకు మూసి ఉండటం వేరు. గొలుసుకు వేలాడుతూ రెక్కను కొడుతున్న మూత పెయింటును, రేకును దెబ్బతీస్తుంది, ఇంధనం మాత్రం పోతూనే ఉంటుంది. పైగా గొలుసు పొడవు ఎక్కువై ట్యాంకులో ఫ్లోటుకు చిక్కుకుంటే గేజీ తప్పు చూపిస్తుంది. వార్షిక తనిఖీలో గొలుసు రెండు చివరలూ, పొడవూ చూడమని అడగండి.

అపోహ: మూత తిరిగి ఆగిందంటే సీలు అయినట్టే.

వాస్తవం: తిరిగి ఆగడం చెవుల పని, సీలు చేయడం మూత చుట్టూ ఉండే రబ్బరు వలయం, అంటే ఓ-రింగ్ పని. నైట్రైల్ రబ్బరు ఓ-రింగ్ ఎండకు, వయసుకు గట్టిపడి పగుళ్లిస్తుంది. ఫ్లోరోసిలికోన్‌వి చలికి మెత్తగా ఉంటాయి, ఎక్కువ కాలం నిలుస్తాయి. గోటితో నొక్కి చూడండి. నొక్కు పడి తిరిగి లేవకపోయినా, సన్నని చీలిక కనిపించినా మార్చేయాల్సిందే. విమానంలో ఇంత చవకగా దొరికే భద్రత మరొకటి లేదు, అయినా దీన్ని వాయిదా వేసేవారిని చూస్తే బాధగా ఉంటుంది.

రెక్కతో సమంగా కూర్చునే మూతలు కొన్నిటికి పైన మడిచే నాలుక ఉంటుంది. అది పూర్తిగా పడుకోవాలి. చాలా రకాల్లో దాని కొన తోక వైపు ఉండాలి, గాలి కిందికి దూరి లేపకుండా. మూత మరీ తేలిగ్గా తిరుగుతుంటే అడుగున బిగువు సర్దే నట్ ఉంటుంది. దాన్ని నిర్వహణ మాన్యువల్ ప్రకారం మీ ఇంజనీర్ సర్దాలి.

సీలు పాడైతే ఇంధనం బయటికి పోవడమే కాదు, వాన నీరు లోపలికి దిగుతుంది. సమంగా కూర్చునే మూతల చుట్టూ ఉన్న గుంటలో నీరు నిలుస్తుంది కాబట్టి వాటికి ఈ బెడద ఎక్కువ. బ్లాడర్ ముడతల్లో నీరు చిక్కుకుని, అడుగున డ్రెయిన్ తెరిచి వంపి చూసినా బయటపడక, ఎగిరాక ఇంజన్‌కు చేరిన ప్రమాదాల తర్వాత అమెరికా విమానయాన నియంత్రణ సంస్థ ఎఫ్ఏఏ పలు సెస్నా మోడళ్లకు 84-10-01 అనే ఎయిర్‌వర్దీనెస్ డైరెక్టివ్, అంటే తప్పనిసరి భద్రతా ఆదేశం, ఇచ్చింది. చాలామంది యజమానులు సమంగా కూర్చునే మూతల బదులు గొడుగులా అంచును కప్పే రకానికి మారారు. మీ విమానానికి ఆమోదం ఉంటే నా సలహా కూడా అదే.

అపోహ: సరిపడా సైజు మూత ఏదైనా పెట్టుకోవచ్చు.

వాస్తవం: కొన్ని మూతల్లో గాలి వెంట్ ఉంటుంది, కొన్నిట్లో ఉండదు. వెంట్ ఉండాల్సిన చోట లేనిది పెడితే, అసలు వెంట్ మూసుకుపోయిన రోజున ట్యాంకులోకి గాలి అందదు, ఇంజన్‌కు ఇంధనం అందదు. టేపు, ప్లాస్టిక్, కారు మూత ఇవేవీ ప్రత్యామ్నాయాలు కావు. మీ మోడల్ విడిభాగాల జాబితాలో ఉన్న పార్ట్ నంబరే కావాలి. దూర ప్రయాణాలు చేసేవారు ఒక మూత, రెండు ఓ-రింగులు అదనంగా సామానులో ఉంచుకోవడం మంచిది. లేకపోతే మూత వచ్చేదాకా విమానం అక్కడే ఉండాలి.

గాలిలో ఉండగా మూత లేదని అనుమానం వస్తే? రెక్క వెనక అంచు నుంచి సన్నని తుంపర, పెట్రోలు వాసన, రెక్క మీద నీలి మరక, ఒకవైపు తేలికై విమానం వాలడం, ఇవి గుర్తులు. 100ఎల్ఎల్ అనే విమాన పెట్రోలుకు నీలి రంగు కలుపుతారు కాబట్టి మరక తెలుస్తుంది. మీ విమానం హ్యాండ్‌బుక్ చెప్పింది చేయండి, గమ్యం సంగతి వదిలి దగ్గరలో అనువైన రన్‌వేపై దిగండి. ట్యాంకులను విడిగా ఎంచుకునే వీలుంటే మూత ఉన్న ట్యాంకును ల్యాండింగ్‌కు మిగుల్చుకోండి. దిగాక పొగ, నిప్పురవ్వ దరిచేరనివ్వకండి. రన్‌వే మీద మూత పడి ఉండవచ్చని, బయల్దేరిన విమానాశ్రయంతో సహా, వెంటనే తెలియజేయండి. దొరికిన మూతను తుడిచి అలాగే పెట్టేయకండి. చెవులు వంగాయేమో, అంచు సొట్టపోయిందేమో ఇంజనీర్ చూడాలి. గొలుసు తెగి ఉంటే మిగతా ముక్క ట్యాంకులో లేదని తేలాకే ఇంధనం పోయించుకోండి.