కింత్సుగి: బంగారం దేన్నీ అతికించదు

"అన్నా, గోల్డ్ పౌడర్ ఎంత పడుతుంది?" వాట్సాప్‌లో పగిలిన కప్పు ఫొటో, కింద ఈ ప్రశ్న. హైదరాబాద్ నుంచైనా, డాలస్ నుంచైనా, ఇక్కడే టోక్యోలో నిషికసాయ్ నుంచైనా ఇదే వరస. అందరూ అదే కింత్సుగి వీడియో చూసినట్టుంటారు. పగిలిన పాత్రల్ని అతికించి, అతుకుల మీద బంగారు గీత కనిపించేలా బాగుచేసే జపాన్ పద్ధతి అది. నేను చేసే పని అదే.

అపోహ: పగిలిన పింగాణీని బంగారంతో అతికిస్తారు.

అతికించేది ఉరుషి. అంటే ఉరుషి చెట్టుకు గాటు పెడితే కారే పాలు. గోధుమపిండి ముద్దలో కలిపితే అది జిగురు, మెత్తటి మట్టిపొడిలో కలిపితే పెచ్చులు పూడ్చే పుట్టీ. అతికించిన ముక్కల్ని తేమగా ఉండే పెట్టెలో పెడతాం. ఎండలో పెడితే లాభం లేదు, గాలిలో తేమ 70 శాతం దాటితేనే ఇది బాగా గట్టిపడుతుంది. ఒక్క అతుకుకే వారం, రెండు వారాలు. తర్వాత పూడ్చడం, నీళ్లతో అరగదీయడం, నల్ల ఉరుషి, మళ్లీ అరగదీయడం, ఆపైన ఎర్ర ఉరుషితో సన్నటి గీత. ఆ గీత వేలికి అంటీ అంటనట్టు ఉన్నప్పుడు బంగారు పొడి చల్లుతాం. బంగారం పని అంతే.

ఇది తెలియక జనం కిట్లు కొంటున్నారు. చాలావాటిలో ఉండేది ఎపాక్సీ అనే రసాయన జిగురు, బంగారు రంగు పొడి. షోకేసులో పెట్టుకుంటే నాకేం అభ్యంతరం లేదు, అందులో వేడి టీ మాత్రం తాగకండి. ఆహారానికి వాడొచ్చని ప్యాకెట్ మీద రాసి లేకపోతే పనికిరాదనే లెక్క. పొడి ఇత్తడిదైతే పులుపు తగిలి చిలుము కూడా పడుతుంది.

ఇంకొందరు నేరుగా పచ్చి ఉరుషి తెప్పించి ఒట్టి చేతులతో మొదలుపెడతారు. మామిడి, జీడిమామిడి, పూర్వం బట్టల మీద గుర్తులు వేసిన నల్లజీడి, అన్నీ దీని కుటుంబమే. మామిడికాయ సొనకే మూతి పొక్కే వాళ్లున్నారు, ఇది అంతకంటే ఘాటు. ఒకటి రెండు రోజులాగి దద్దుర్లు, దురద. "చెయ్యి వాచింది, భయమేస్తోంది" అని అర్ధరాత్రి మెసేజ్ పెట్టేవాళ్లను కోప్పడలేను. గీరకండి, చర్మ వైద్యుడికి చూపించండి. ముఖం, కళ్లు వాస్తే తెల్లారే దాకా ఆగొద్దు. పూర్తిగా గట్టిపడ్డ ఉరుషితో మాత్రం మామూలుగా ఈ బాధ ఉండదు. ఇక్కడ మిసో సూప్ తాగే చెక్క గిన్నెలకు తరతరాలుగా పూస్తున్నది అదే.

అన్నట్టు, ఏటికొప్పాక బొమ్మల లక్క దీనికి పనికిరాదు. అది పురుగు నుంచి వచ్చేది, వేడికి మెత్తబడుతుంది.

మొన్న ఒకబ్బాయి ఆవకాయ జాడీ తెచ్చాడు. ఊరి నుంచి వస్తుంటే సామాన్లలో దాని మెడ విరిగింది. వాళ్లమ్మది, ఆవిడ ఇప్పుడు లేరు. కంగారులో ఆ రాత్రే సూపర్ గ్లూ పెట్టేశాడు. మొదటి ముక్క వెంట్రుకవాసి పక్కకు జరగడంతో చివరి ముక్కకు చోటే లేకుండా పోయింది. అసిటోన్‌లో నానబెట్టి అన్నీ విడదీయాల్సి వచ్చింది.

"మళ్లీ ఆవకాయ పెట్టుకోవచ్చా అన్నా?"

"ఏడాదంతా ఉప్పూ కారం నూనెలో ఊరేదానికి నేను పూచీ ఇవ్వలేను తమ్ముడూ. ఎండుమిర్చి పోసుకో."

మొహం చిన్నబోయింది. అయినా ఆ మాట ముందే చెప్పాలి.

మిగతా అపోహలు గబగబా. పగిలితే విలువ పెరుగుతుందట. ఎక్కువసార్లు తగ్గుతుంది, కావాలని పగలగొట్టకండి. జపాన్‌లో ఇంటింటా ఇదేనట. మా వీధిలో పగిలిన ప్లేటును కాగితంలో చుట్టి, 'ప్రమాదం' అని రాసి, మండని చెత్త తీసుకెళ్లే రోజున బయట పెడతారు. వబి-సబి, అంటే లోపంలోనూ పాతదనంలోనూ అందం చూడటం, కాబట్టి ఎలా చేసినా చెల్లుతుందట. ఆ అందాన్ని టీ సంప్రదాయంలోకి తెచ్చిన గురువు సెన్ నో రిక్యూ కట్టించాడని చెప్పే తైఆన్ టీ గది రెండు తతామీ చాపలంతే. అంత చిన్న గదిలో కిటికీ ఎక్కడుండాలో కూడా లెక్కేసి కట్టారు, నిర్లక్ష్యంగా వదిలేసింది ఏదీ లేదు.

15వ శతాబ్దపు షోగున్ (జపాన్ సైనిక పాలకుడు) అషికాగా యోషిమాసా కథ కూడా అందరూ చెబుతారు. బీటవారిన గిన్నెను చైనాకు పంపితే లోహపు కుట్లు వేసి తిప్పి పంపారని, ఆ వికారం చూడలేకే కింత్సుగి పుట్టిందని. ఆ గిన్నె టోక్యో నేషనల్ మ్యూజియంలో ఉంది, ఇప్పటికీ కుట్లతోనే. కుట్లు పెద్ద మిడతల్లా ఉన్నాయని దానికి ఆ పేరే పెట్టి దాచుకున్నారు. బంగారు గీతల కన్నా నాకు అదే ఎక్కువ నచ్చుతుంది.

బంగారం తప్పనిసరి కూడా కాదు. వెండి వేయొచ్చు, తగరం వేయొచ్చు, నల్ల ఉరుషి దగ్గరే ఆపేయొచ్చు. రోజూ వాడే కప్పుకైతే నేను ఆ చివరిదే చెబుతాను. బలం అంతే, ఖర్చు బాగా తగ్గుతుంది. మైక్రోవేవ్, డిష్‌వాషర్ దేనికైనా వద్దు.

ఏదైనా పగిలితే జిగురు పెట్టకండి. సరిపోతుందో లేదోనని ముక్కల్ని పదేపదే ఆనించి చూడకండి, అంచులు అరుగుతాయి. గోరంత పెంకు కూడా పారేయకుండా ఒక్కోదాన్ని విడిగా కాగితంలో చుట్టండి. ఫొటో పంపేటప్పుడు లోపలి వైపు, అడుగు భాగం కూడా తీసి పంపండి.