అల్లిక అయిపోయాక నీళ్ళు చేసే పని

మా బైరాగిపట్టెడ వీధి చివరింట్లో ఉండే అమ్మాయి పోయిన వారం రెండు సంచులు పట్టుకోని వచ్చింది. ఒక దాంట్లో తెల్ల నూలు దారంతో క్రోషియా అల్లిన టీపాయి గుడ్డ, ఇంకో దాంట్లో ఊలు దారంతో వాళ్ళక్క బిడ్డకని అల్లిన చిన్న షాలువ. "మేడం, రెండిటినీ ఒకే మాదిరి తడిపినాను, పరుపు మీద తువ్వాలు పరిచి చుట్టూ గుండుసూదులు గుచ్చి ఒకే మాదిరి ఆరబెట్టినాను. ఇదేమో పలక మాదిరి నిలిచింది, ఇదేమో సూదులు తీసిన ఐదు నిమిషాలకే మళ్ళా అంచులు చుట్టుకోని పొయ్యింది. యాడ తప్పు చేసినాను?" అని అడిగింది.

తప్పేం లేదు. ఆ షాలువ అల్లింది ఊలుతో కాదు, అక్రిలిక్ దారంతో. మన ఊళ్ళో షాపుకు పోయి ఊలు దారం ఇవ్వమంటే ఇచ్చే ఉండల్లో చాలా వాటిల్లో గొర్రె బొచ్చు అసలు ఉండదు, అదొక ప్లాస్టిక్. ఈ ఒక్క మాట చెప్పి పంపించేయొచ్చు కానీ నాకు మనసొప్పలేదు, ఏమంటే ముప్పై ఏళ్ళు కెమిస్ట్రీ పాఠం చెప్పిన నాకు అన్నిటికన్నా ఇష్టమైన సంగతి ఆ ప్రశ్నలోనే ఉంది: హైడ్రోజన్ బంధం. దారం కొసలు ఎట్లా దాచాలి, చివరి ముడి ఎక్కడ వెయ్యాలి, ఇవన్నీ వీడియోల్లో కావలసినన్ని ఉన్నాయి, వాటి జోలికి నేను పోను. తడపడం, ఆకారానికి లాగడం, ఆరబెట్టడం, ఈ మూడింటప్పుడు దారం లోపల ఏం జరుగుతుందనేదే నేను చెప్పాలనుకున్నది.

నూలు అంటే సెల్యులోజ్. గ్లూకోజ్ ముక్కలు వేల సంఖ్యలో ఒకదాని వెనక ఒకటి అతుక్కున్న పొడుగాటి గొలుసు. గొలుసు పొడుగునా ఉండే అతుకులు గట్టివి, తడిపినా ఉతికినా ఊడవు. ఒక్కో గ్లూకోజ్ ముక్క మీద మూడు చోట్ల ఆక్సిజన్, హైడ్రోజన్ జంట బయటికి తొంగి చూస్తా ఉంటుంది, పక్క గొలుసు మీద ఉన్న ఆక్సిజన్ కనిపిస్తే చాలు పట్టుకుంటుంది. ఆ పట్టే హైడ్రోజన్ బంధం. లెక్కలో చెప్తే ఆ పట్టు విడిపించడానికి కావాల్సిన శక్తి మోలుకు (అణువులను లెక్కపెట్టే కొలత అది) 20 కిలోజౌళ్ళ దాకా, గొలుసు అతుకుకేమో 350 చుట్టుపక్కల. అంటే పట్టు ఒక్కోటి చాలా బలహీనం, కానీ ఎన్ని ఉంటాయో ఊహించుకోండి, గుడ్డ గుడ్డలాగా నిలబడేది ఆ లెక్కలేనన్ని చిన్న చిన్న పట్లతోనే.

నేను దీన్ని ఎప్పుడూ తిరుమల కంపార్ట్‌మెంట్‌తో పోల్చి చెప్తాను. వైకుంఠం క్యూ కాంప్లెక్స్‌లో వరసలు వరసలుగా జనం కూర్చున్నారు అనుకోండి. ఒక్కో వరసలో ఉన్నది ఒక్కో కుటుంబం, తప్పిపోకుండా ఒకరి కొంగు ఇంకొకరి కండువాకు ముడేసుకున్నారు, ఆ ముడి ఎవరొచ్చినా ఊడదు, అదే గొలుసు అతుకు. పక్క వరసలో వాళ్ళు ఎవరో తెలీదు, అయినా తోపులాటలో పడిపోకుండా వాళ్ళ చేతులు పట్టుకున్నారు. ఇప్పుడు ఎవరైనా ఒక వరసను పక్కకు తోస్తే కొంచెం వంగుతారు గానీ చేతులు పట్టుకోనున్నారు కాబట్టి మళ్ళా యథాస్థానానికి వచ్చేస్తారు. పొడి గుడ్డను చేత్తో ఎంత లాగి సాఫు చేసినా మళ్ళా ముడుచుకోవడం ఇదే.

ఇంతలో శ్రీవారి సేవకులు నీళ్ళ గ్లాసులు పట్టుకోని లోపలికి వస్తారు. గ్లాసు అందుకోవాలంటే పక్కవాళ్ళ చెయ్యి వదలాల్సిందే కదా. అందరూ వదిలేస్తారు, అందరి చేతుల్లో గ్లాసులు. ఈ సమయంలో వరసలను ఎటు జరపమంటే అటు జరుగుతాయి. తర్వాత గ్లాసులు వెనక్కి ఇచ్చేస్తారు, అది ఆరడం. చెయ్యి ఖాళీ అయింది, అప్పుడు పక్కన ఎవరుంటే వాళ్ళ చెయ్యి పట్టుకుంటారు. ఇంతకు ముందు పట్టుకున్న మనిషి నాలుగు వరసల అవతల ఉన్నాడు, వెతుక్కుంటా ఎవరూ పోరు. కొత్త చోటే సొంత చోటు అయిపోతుంది. గుండుసూదులు చేసేది ఏమంటే, గ్లాసులన్నీ వెనక్కి పోయేదాకా వరసలను మనకు కావాల్సిన చోట ఆపి ఉంచడం, అంతే. అందుకే పైన ఆరింది కదా అని మధ్యలో చెమ్మ ఉండగానే సూదులు తీసేస్తే మొత్తం చెడుతుంది, లోపల సగం మంది చేతుల్లో ఇంకా గ్లాసులు ఉన్నాయి, వాళ్ళు ఇష్టమొచ్చిన చోటికి జరిగి అక్కడ చేతులు పట్టుకుంటారు. గట్టిగా మెలేసిన లావు దారం అయితే ఫ్యాన్ కింద ఒక రాత్రంతా వదిలేయండి, తొందరపడొద్దు.

మా వీధి ఇస్త్రీ బండాయన చేసేది కూడా ఇదే. బొగ్గుల పెట్టె అంత ఎర్రగా కాగుతా ఉంటే మళ్ళా నీళ్ళు చల్లడం ఎందుకు అని చిన్నప్పుడు నాకు పెద్ద అనుమానం. పొడి సెల్యులోజ్ వేడితోనే మెత్తబడి గొలుసులు జరగాలంటే 200 డిగ్రీలు దాటాలి, ఇంకొంచెం పోతే గుడ్డ మాడిపోతుంది. అదే నీళ్ళు తగిలితే మామూలు వేడికే మెత్తబడిపోతుంది. అంటే ముడత విప్పేది నీళ్ళు, పెట్టె బరువు సాఫుగా నొక్కి పెడుతుంది, పెట్టె వేడి ఆ నీళ్ళను అక్కడికక్కడే తరిమేస్తుంది. ఇస్త్రీ అంటే నొక్కి పట్టి ఆరబెట్టడం. ఈ మాట అర్థమైతే క్రోషియా పనిని ఇస్త్రీ పెట్టెతో అణిచి దాని పువ్వులన్నీ చదును చేసుకోవాల్సిన అవసరం లేదని తెలిసిపోతుంది, నొక్కే పని సూదులు చేస్తాయి, ఆరబెట్టే పని గాలి చేస్తుంది.

ఇక్కడ ఒక్క మాట చెప్పకుండా ఉండలేను. ఇంటర్ పుస్తకంలో హైడ్రోజన్ బంధం అంటే రెండు నీటి అణువుల బొమ్మ, మధ్యలో చుక్కల గీత, కింద నీటి మరుగుస్థానం ఎందుకు ఎక్కువ అనే ప్రశ్న. 1920లో లాటిమర్, రోడ్‌బుష్ అనే ఇద్దరు అమెరికా శాస్త్రవేత్తలు ఈ ఆలోచనను వ్యాసంగా రాసినారు, వందేళ్ళు దాటిపోయింది, అయినా మనం పిల్లలకు ఆ చుక్కల గీత దగ్గరే ఆపేస్తున్నాం. వాళ్ళు వేసుకోనొచ్చిన యూనిఫాం చొక్కా ముడతలోనే ఆ గీత ఉందని చూపించకుండా మార్కులకు బట్టీ పట్టిస్తే వాళ్ళకు ఈ శాస్త్రం మీద ప్రేమ ఎట్లా పుడుతుంది? నేను క్లాసులో ఒక నూలు రుమాలు తెచ్చి సగం తడిపి, సగం పొడిగా పెట్టి, రెండు సగాలనూ మడిచి బెంచీ కింద నొక్కి పెట్టేదాన్ని, గంట అయిపోయేలోపు తేడా కంటికి కనిపించేది.

గంజి సంగతి ఇంకా బాగుంటుంది. బియ్యంలో పిండి పదార్థం కూడా గ్లూకోజ్ గొలుసే, సెల్యులోజ్ కూడా గ్లూకోజ్ గొలుసే. ముక్క అదే, అతికే కోణం ఒక్కటే తేడా, ఆ కొంచెం తేడాకే ఒకటి మన ఆకలి తీరుస్తుంది, ఇంకోటి ఒంటి మీద కట్టుకుంటాం. అన్నం ఉడికేటప్పుడు 70 డిగ్రీలు దాటేసరికి ఆ పిండి రేణువులు నీళ్ళు పీల్చి ఉబ్బి పగిలిపోతాయి, లోపలి గొలుసులు గంజిలోకి వచ్చేస్తాయి. ఆ గంజిలో గుడ్డ ముంచితే ఈ గొలుసులు రెండు పోగుల మధ్యన దూరి, ఆరేటప్పుడు అటొక చెయ్యి ఇటొక చెయ్యి పట్టుకుంటాయి. కంపార్ట్‌మెంట్ లెక్కలో, ఖాళీగా ఉన్న సందుల్లో కొత్త మనుషులు వచ్చి కూర్చోని రెండు పక్కలా చేతులు పట్టుకున్నట్టు. దూరదూరంగా ఉన్న పోగులు కూడా కలిసి బిగుసుకుంటాయి. నరసాపురం లేసు మాదిరి సన్న దారపు పనికి పల్చటి గంజి సరిపోతుంది, చిక్కటిది పెడితే కన్నాలు మూసుకుపోతాయి. ఇంకొకటి, పచ్చి పిండి చన్నీళ్ళలో కలిపి పెడితే ఉపయోగం లేదు, రేణువులు పగలకుండా గొలుసులు బయటికి రావు, ఆరినాక తెల్లగా పొడి రాలుతుంది.

కుదించుకుపోవడం గురించి కూడా అడుగుతారు. నూలు పోగు తడిస్తే లావు బాగా పెరుగుతుంది, దాదాపు ఐదో వంతు, పొడవు మాత్రం ఒకటి రెండు శాతమే. మరి గుడ్డ చిన్నదెందుకవుతుంది? దారం దారం చుట్టూ తిరగాలి కదా. చుట్టాల్సిన దారం లావైతే చుట్టు పెద్దదవుతుంది, అంత దారం ఎక్కడి నుంచి తెచ్చుకుంటుంది, తన పొడవులో నుంచే, కాబట్టి మొత్తం గుడ్డ దగ్గరికొస్తుంది. దాంతోపాటు మిల్లులో, అల్లేటప్పుడు మన చేతుల్లో బిగువుగా లాగిన లాగుడంతా తడి తగలగానే వదులైపోతుంది. కాబట్టి జాకెట్ చేతులకో లంగా అంచుకో క్రోషియా అల్లి కుట్టేటట్టయితే కుట్టకముందే గుడ్డనూ అల్లికనూ విడివిడిగా తడిపి ఆరబెట్టండి. కుట్టినాక ఉతికితే గుడ్డ ఒక రకంగా, అల్లిక ఒక రకంగా కుదించుకోని అంచంతా కుచ్చులు పడుతుంది.

ఇప్పుడు ఆ అమ్మాయి షాలువ దగ్గరికి వద్దాం. మామూలు గాలి తేమలో 100 గ్రాముల పొడి నూలు 8 గ్రాముల దాకా నీటిని పీల్చుకోని ఉంచుకుంటుంది, అసలైన గొర్రె ఊలైతే 16 దాకా, అక్రిలిక్ ఒకటో రెండో గ్రాములు. బకెట్లో ముంచితే తడిసినట్టే కనిపిస్తుంది కానీ ఆ నీళ్ళు పోగుల సందుల్లో ఉంటాయే గానీ పోగు లోపలికి పోవు. మన కంపార్ట్‌మెంట్‌లో చెప్పాలంటే అర్ధరాత్రి అందరూ నిద్రపోతున్నారు, సేవకులు గ్లాసులు పట్టుకోని తలుపు దాకా వచ్చినారు, లేచి అందుకునే వాళ్ళే లేరు. వీళ్ళను లేపాలంటే వేడి కావాలి. అక్రిలిక్ గొలుసులు గాజు మాదిరి బిగుసుకోని ఉంటాయి, ఒక ఉష్ణోగ్రత దాటితేనే కదులుతాయి, దాన్ని గాజు పరివర్తన ఉష్ణోగ్రత అంటారు, అక్రిలిక్‌కు అది పొడిగా ఉన్నప్పుడు సుమారు 90 డిగ్రీలు, ఆవిరిలో తడిగా ఉంటే ఇంకా తక్కువకే. కాబట్టి సూదులు గుచ్చి, ఆవిరి పెట్టెను గుడ్డకు తగలనీకుండా రెండు వేళ్ళ ఎత్తులో పట్టుకోని ఆవిరి పట్టి, కదిలించకుండా చల్లారనివ్వాలి. నూలుకు ఆరేదాకా ఆగినట్టు దీనికి చల్లారేదాకా ఆగాలి. పెట్టె తగిలిందా, పోగులు మెత్తబడి అతుక్కోని షాలువ జీవం లేకుండా వేలాడిపోతుంది, మళ్ళా వెనక్కి రాదు.

మీ దారం ఏదో తెలీకపోతే రెండంగుళాల ముక్క పట్టకారుతో పట్టుకోని సింకు దగ్గర నిలబడి కాల్చి చూడండి. నూలైతే కాగితం కాలిన వాసన, మెత్తటి బూడిద. ఊలైతే వెంట్రుకలు కాలిన వాసన. అక్రిలిక్ కరిగి నల్లటి గట్టి పూసవుతుంది, వేడిగా ఉన్నప్పుడు దాన్ని ముట్టుకోవద్దు.

అసలైన ఊలు అమాయకంగా కనిపిస్తుంది గానీ దాని లోపల రెండు రకాల తాళాలు ఉన్నాయి. కెరాటిన్ అనే ప్రొటీన్ గొలుసులు స్ప్రింగు మాదిరి చుట్టుకోని ఉంటాయి, ఆ చుట్లను నిలబెట్టేది హైడ్రోజన్ బంధాలు, పక్క గొలుసుతో కలిపేది గంధకపు వంతెనలు. 1930లలో ఇంగ్లండులోని లీడ్స్‌లో విలియం ఆస్ట్‌బరీ తడి ఊలును లాగి ఎక్స్ కిరణాలతో చూస్తే లోపలి అమరికే మారిపోయి కనిపించింది. తడిపి లాగి ఆరబెడితే ఊలు ఆ ఆకారంలో ఉంటుంది, మళ్ళా తడిపితే వదిలేస్తుంది, గంధకపు వంతెనలు పాత చోటు గుర్తుపెట్టుకోని వెనక్కి లాగుతాయి. లాగి పట్టుకోని చాలాసేపు ఆవిరి పడితే ఆ వంతెనలు కూడా ఊడి కొత్త చోట కడతాయి, అప్పుడు తడిపినా ఆకారం పోదు. తల స్నానం చేసి జడ వేసుకోని ఆరబెట్టుకుంటే సాయంత్రానికి వచ్చే వంకీలు మొదటి రకం, పార్లర్లో మందు పెట్టి చేసేది రెండో రకం.

ఆ టీపాయి గుడ్డ అంచు మీద గోధుమరంగు చుక్కలు కూడా ఉన్నాయి, ఆ అమ్మాయి వాటిని దాచి పెట్టింది, నేనే చూసినాను. మామూలు గుండుసూదుల తుప్పు. నిమ్మరసం, ఉప్పు రాసి ఎండలో పెట్టమన్నాను, నిమ్మలోని సిట్రిక్ ఆమ్లం ఇనుమును పట్టుకోని నీళ్ళలోకి తీసుకుపోతుంది. స్టెయిన్‌లెస్ స్టీల్ సూదులు వాడితే ఈ బాధ లేదు. మనకు నలభై కిలోమీటర్ల లోపలే, శ్రీకాళహస్తిలో, ఇదే తుప్పుతో గుడ్డ మీద కలంకారీ బొమ్మలు వేస్తారని చెప్తే ఆమె నమ్మలేదు. తుప్పుపట్టిన ఇనుప ముక్కలు, బెల్లం, నీళ్ళు కుండలో పోసి పులియబెడతారు, పులిసినప్పుడు పుట్టే ఆమ్లంలోకి ఇనుము దిగుతుంది, అదే కసిమి. కరక్కాయ, బర్రెపాలు కలిపి ముంచి ఆరబెట్టిన గుడ్డ మీద ఆ కసిమితో గీత గీస్తే క్షణంలో నల్లబడుతుంది. కరక్కాయలోని టానిన్ అనే వగరు పదార్థం నూలును పట్టుకునేది మళ్ళా హైడ్రోజన్ బంధాలతోనే, ఆ టానిన్‌ను ఇనుము గట్టిగా బిగించేస్తుంది, పాలలోని కొవ్వు గీత పక్కకు పాకకుండా ఆపుతుంది. అందుకని కలంకారీ గుడ్డకు క్రోషియా అంచు అల్లే వాళ్ళు దాని మీద ఇనుప సూదులు తడిగా అస్సలు వదలకండి, అక్కడ చుక్క నల్లగా పడితే నిమ్మరసం పెట్టలేరు, ఆ ఆమ్లం సూది మచ్చతోపాటు కళాకారుడి గీతను కూడా తినేస్తుంది.

కొత్త గుడ్డను ఉప్పు నీళ్ళలో నానబెడితే రంగు నిలుస్తుందని మా అమ్మ కూడా నమ్మేది. ఉప్పు పని చేసేది రంగు వేసేటప్పుడు: నీళ్ళలో నూలుకూ రంగుకూ రెండిటికీ రుణావేశమే, ఒకదాన్నొకటి తోసుకుంటాయి, ఉప్పు ఆ తోపుడును తగ్గిస్తుంది. రంగు వేయడం అయిపోయాక ఉప్పుకు అక్కడ పని లేదు. కొత్త బట్టకు నాలుగు మూలలా పసుపు పెట్టడం మాత్రం నేను మానను, మా అత్తగారి చేతి అలవాటు అది. కానీ తెల్ల అల్లికకు లోపలి మడతలో పెట్టండి. పసుపులోని కర్కుమిన్ అనే రంగు పదార్థం ఏ తోడూ లేకుండా నేరుగా నూలును పట్టుకుంటుంది, సబ్బు తగిలితే ఎర్రగా మారుతుంది, పసుపులో సున్నం కలిపితే ఎర్రబడేది కూడా ఇట్లాగే. కంగారు పడకండి, ఆ రంగుకు ఎండ అంటే పడదు, మన తిరుపతి ఎండలో రెండు రోజులు ఉంచితే పోతుంది.

నిన్న ఆ అమ్మాయి షాలువకు మా ఇంట్లోనే ఆవిరి పట్టినాము. చల్లారినాక సూదులు ఒక్కొక్కటే తీసింది, అంచు కదల్లేదు. టీపాయి గుడ్డకు పల్చటి గంజి పెట్టి ఇచ్చి పంపినాను, కార్తీకంలో వానలు పట్టి నాలుగు రోజులు గాలంతా చెమ్మగా ఉంటే పట్లు కొంచెం కొంచెం వదులై అంచు వాలిపోతుంది, అప్పుడు ఉతికి మళ్ళా గంజి పెట్టుకోమని చెప్పినాను. షాలువకు ఆ అవసరం రాదు, వేడినీళ్ళలో మాత్రం ఉతకొద్దని వాళ్ళక్కకు ఫోన్లో చెప్పమన్నాను.