నడక ఎముకకు చాలదు

ఏళ్ల తరబడి రోజూ గంటసేపు నడిచినా, ఎముక సాంద్రతను ఎక్స్‌రేలతో కొలిచే డెక్సా స్కాన్‌లో ఆ సాంద్రత తక్కువని వచ్చేవారు ఎందరో. నడకలో లోపమేమీ లేదు. కండరం, గుండె, ఎముక వ్యాయామం నుంచి కోరేది ఒకటి కాదు, అంతే.

భోజనం చేశాక పదిహేను నిమిషాలు నడిస్తే కాలి కండర కణాల్లోని గ్లట్-4 ప్రోటీన్ పైపొరకు వచ్చి రక్తంలోని గ్లూకోజును లోపలికి లాగుతుంది. ఇన్సులిన్ సరిగా పనిచేయనివారిలో కూడా ఈ దారి తెరుచుకుంటుంది. గుండెకు కావలసింది అలుపు తెచ్చే కదలిక. లండన్ బస్సుల్లో మెట్లెక్కి దిగే కండక్టర్లకు, కూర్చుని నడిపే డ్రైవర్లకన్నా గుండెజబ్బు తక్కువని బ్రిటిష్ వైద్య పరిశోధకుడు జెర్రీ మోరిస్ 1953లోనే చూపించాడు.

ఎముక తీరు వేరు. దాని లోపలి ఆస్టియోసైట్ కణాల చుట్టూ సన్నని కాలువల్లో ద్రవం ఉంటుంది. బరువు పడి ఎముక వెంట్రుకవాసి వంగితే ఆ ద్రవం కదులుతుంది. కణాలు పసిగట్టేది ఆ కదలికనే. బరువు చప్పున పడితే కదలిక ఎక్కువ. రోజూ పడే బరువుకు మాత్రం ఎముక అలవాటుపడిపోతుంది. పైగా ఎన్నిసార్లు అన్నది దానికి పెద్ద లెక్క కాదు. రూబిన్, లాన్యన్ అనే పరిశోధకులు 1984లో కోడిపుంజుల రెక్క ఎముకపై రోజుకు 36 సార్లు ఒత్తిడి పెడితే ఎముక పెరిగింది. 1,800 సార్లు పెట్టినా అంతకు మించి పెరగలేదు. రోజుకు పదివేల అడుగులు నడవాలనే లెక్క ఎముకకు ఎందుకు పట్టదో దీన్నిబట్టే తెలుస్తుంది.

మనుషుల్లో దీన్ని గట్టిగా పరీక్షించింది ఆస్ట్రేలియాలోని గ్రిఫిత్ విశ్వవిద్యాలయం. ముట్లుడిగి, ఎముకలు పలచబడిన 101 మంది స్త్రీలపై చేసిన ఆ పరిశోధన ఫలితాలు 2018లో వచ్చాయి. వారిలో ఒక జట్టుకు వారానికి రెండుసార్లు, అరగంట చొప్పున, 8 నెలలు శిక్షణ. నేలనుంచి బరువెత్తడం (డెడ్‌లిఫ్ట్), బరువు మోస్తూ గుంజీలు (స్క్వాట్), తలపైకి బరువెత్తడం: ఒక్కొక్కటి 5 చొప్పున 5 విడతలు, ఒక్కసారి ఎత్తగల గరిష్ఠ బరువులో కనీసం 80–85 శాతంతో. వీటితోపాటు కడ్డీ పట్టుకుని పైకెగిరి గట్టిగా నేలమీద దిగడం. వీరి నడుము వెన్నెముక సాంద్రత 2.9 శాతం పెరిగింది. ఇంట్లో తేలికపాటి వ్యాయామం చేసిన రెండో జట్టుకు 1.2 శాతం తగ్గింది. శిక్షకులు పక్కనే ఉన్నారు కాబట్టి దెబ్బలు దాదాపు లేవు. ఈ మాట మరిచిపోయి ఒంటరిగా మొదలుపెట్టడం ప్రమాదకరం.

మొదటి నెల తేలిక బరువుతో భంగిమ నేర్చుకోవాలి. బరువు నేలనుంచి ఎత్తేటప్పుడు తుంటి దగ్గర వంగాలి, వీపు గుండ్రంగా వంచకూడదు. పలచబడిన వెన్నుపూస ముందుభాగం నలిగేది అలా వంచినప్పుడే. ఊపిరి బిగబడితే రక్తపోటు ఎగబాకుతుంది, ఎత్తేటప్పుడు వదలాలి. ఐదోసారి ఎత్తడం కష్టంగా ఉండాలి. ఆగకుండా ఇరవైసార్లు ఎత్తగలిగితే ఆ బరువు ఎముకకు చాలదు. ఇదివరకే వెన్నుపూస విరిగినవారు, రక్తపోటు అదుపులో లేనివారు ముందు డాక్టరు సలహా తీసుకోవాలి.

మూడు నెలలకే స్కాన్ తీయించుకుంటే ఏమీ తేలదు. పాత ఎముక కరిగి, కొత్తది పేరుకుని గట్టిపడడానికే నెలలు పడుతుంది. ఏడాది ఆగి, అదే యంత్రం మీద తీయించుకోవాలి. యంత్రం మారితే అంకెలు పోల్చడానికి పనికిరావు.