"సైట్‌లో అందరం ఒకే జట్టు" - కాలువ పనుల్లో అపోహలు, వాస్తవాలు

వేసవిలో కాలువలకు నీళ్ళు ఆపేసి, జూన్‌లో ధవళేశ్వరం నుంచి మళ్ళీ వదిలేలోపు తూములు, వంతెనలు, లైనింగ్ (కాలువ గట్లకు, అడుగుకు వేసే కాంక్రీటు పొర) పూర్తి కావాలి. ఆ హడావిడిలో డెల్టా సైట్లలో రోజూ వినపడే మాట: "క్వాలిటీ వాళ్ళు పని ఆపేస్తున్నారు."

అపోహ: జట్టు ఒకటే కాబట్టి అందరికీ కావలసిందీ ఒకటే. గొడవ పడేవాడే చెడ్డవాడు.

వాస్తవం: పని పూర్తవ్వాలని అందరికీ ఉంటుంది, కానీ ఒక్కొక్కరిని నిలదీసే లెక్క వేరు. ప్లానింగ్ ఇంజనీరుకు తేదీ. సైట్ ఇన్‌చార్జికి ఇవాళ పోసిన క్యూబిక్ మీటర్లు. బిల్లింగ్‌కు నెలాఖరులోపు ఎం-బుక్ (కొలతల పుస్తకం) ఎక్కిన కొలత. పర్చేజ్‌కు ఇసుక లోడు ధర. క్యూసీకి, అంటే క్వాలిటీ వాళ్ళకు, క్యూబు బలం (పోసిన కాంక్రీటుతోనే చేసిన దిమ్మను నొక్కి పగలగొట్టి చూసే బలం). ఇవి ఢీకొనక తప్పదు. ఎక్కడ ఢీకొంటాయో ముందే తెలియకపోతే నష్టం కాంక్రీటులో దాక్కుంటుంది.

క్యూరింగే (పోసిన కాంక్రీటును తడిగా ఉంచడం) చూడండి. కాంక్రీటు పనుల భారత ప్రమాణం ఐఎస్ 456 ప్రకారం మామూలు సిమెంటు ఓపీసీకి కనీసం 7 రోజులు, ఫ్లైయాష్ (బొగ్గు బూడిద) లాంటివి కలిపిన పీపీసీ తరహా బ్లెండెడ్ సిమెంటుకు 10 రోజులు. ఎండ, పొడి గాలి ఉంటే ఏ సిమెంటుకైనా 10కి తగ్గకూడదు, ఫ్లైయాష్ కలిసిన కాంక్రీటుకు 14 మంచిదంటుంది. మే నెలలో పీపీసీ వాడుతూ షెడ్యూల్‌లో 7 రాస్తే, ఆ వారం లాభం ప్లానింగ్‌ది, పగుళ్ళు రైతువి. ప్రాప్స్ (స్లాబు కింద పెట్టే ఊతకర్రలు) విషయమూ అంతే: 4.5 మీటర్ల వరకు స్పాన్ ఉన్న స్లాబుకు 7 రోజులు ఉంచాలి, దాటితే 14.

ఇంకా పెద్ద చిక్కు 28 రోజులకు పరీక్షించే క్యూబు. 40 క్యూబిక్ మీటర్లు పోస్తే 4 శాంపిళ్ళు, ఒక్కోదానికి 3 క్యూబులు. మే రెండో వారం తర్వాత పోసినదానికి ఫలితం వచ్చేసరికి కాలువ నిండి ఉంటుంది. బలం చాలలేదని తెలిసినా మళ్ళీ కాలువకు నీళ్ళు ఆపేదాకా చేసేది పెద్దగా ఉండదు. అందుకని పోయకముందే ఆపగలిగే ఏర్పాటు కావాలి.

నీళ్ళు వదిలే తేదీ నుంచి 28 రోజులు వెనక్కి లెక్కేసి బరువు మోసే చివరి పోత పెట్టండి. క్యూసీ ఇంజనీరు సైట్ ఇన్‌చార్జికి కాకుండా ఆ పైవాళ్ళకు జవాబు చెప్పాలి. మొదటి లారీ రాకముందే కవర్ (ఇనుము మీద ఉండే కాంక్రీటు మందం), షట్టరింగ్, క్యూబు మోల్డుల లెక్క చూసి పోర్ కార్డు (కాంక్రీటు పోయడానికి అనుమతి పత్రం) మీద సైట్ ఇంజనీరు, ఇన్‌చార్జి, క్యూసీ ముగ్గురూ సంతకం పెట్టాలి, పోశాక పెట్టే సంతకం చెల్లదు. స్లంప్ పడిపోయిందని, అంటే కాంక్రీటు గట్టిపడి జారడం లేదని, మిక్సర్‌లో నీళ్ళు కొట్టనివ్వకండి. ప్లాంటు వాళ్ళు అడ్మిక్చర్ (కాంక్రీటులో కలిపే రసాయనం)తో సరిచేయలేకపోతే లారీ వెనక్కే. బిల్లుకు క్యూరింగ్ రిజిస్టర్ పేజీ జత చేయనిదే కొలత ఎక్కించకూడదు.

అపోహ: డీజిల్ ఆదా కోసం రాత్రి గొయ్యిలో ఊరే నీళ్ళు తోడే ఊట పంపులు ఆపొచ్చు. వాస్తవం: ఇక్కడ నేల కింద నీళ్ళు పైనే ఉంటాయి, తెల్లారేసరికి గొయ్యి నిండి పచ్చి కాంక్రీటులో సిమెంటు కొట్టుకుపోతుంది.

అపోహ: క్యూసీ ఆపేది డబ్బుల కోసమే. వాస్తవం: కారణం రాతలో ఉందో లేదో అడగండి, పుకారు మోయకండి.

అపోహ: గొడవ లేని సైటే మంచి సైటు. వాస్తవం: చాలాసార్లు అక్కడ ఎవరో చూడకుండా సంతకం పెడుతున్నారు.

వద్దంటే ఉద్యోగం పోతుందని భయపడే కుర్ర ఇంజనీర్లకు: మీ భయం నిజమే. నోటితో వాదించకండి. అభ్యంతరం పోర్ కార్డు మీద తేదీ, టైముతో రాసి, ఫొటో తీసి, ఇన్‌చార్జికీ క్యూసీకీ ఒకేసారి పంపండి.