లేసిక్ కత్తి ఎంత లోతు కోస్తుంది?

నెల్లూరు, తిరుపతి వైపు నుంచి చెన్నైకి లేసిక్ (లేజరుతో చూపు సరిచేసే కంటి శస్త్రచికిత్స) కోసం వచ్చే తెలుగువారిని ఆసుపత్రుల్లో తరచూ అడిగే ప్రశ్న ఇది: బ్లేడుతోనా, బ్లేడు లేకుండానా? ఖర్చు కూడా దాన్నిబట్టే మారుతుంది. నిజానికి ఈ రంగాన్ని మొదటి నుంచీ వేధించింది కోత లోతు ఎంత కచ్చితంగా వస్తుందన్న ప్రశ్న.

కంటి ముందుండే పారదర్శక భాగమైన కార్నియాను పొరగా కోసి చూపు సరిచేయవచ్చని 1949లో ప్రతిపాదించినవారు స్పెయిన్‌లో పుట్టి కొలంబియాలో స్థిరపడిన వైద్యుడు హోసే బారాకెర్. కోసే పరికరం మైక్రోకెరటోమ్‌ను రూపొందించిందీ ఆయనే. చెక్కే పని లేజరు చేతికి వచ్చింది 1980లలో. 1981లో ఐబీఎం పరిశోధకులు ముగ్గురు, పండుగ భోజనంలో మిగిలిన టర్కీ మాంసంపై ప్రయోగించి, ఎక్సైమర్ అనే అతినీలలోహిత లేజరు చుట్టుపక్కల కాల్చకుండా కణజాలాన్ని తొలగించగలదని చూపారు. వారిలో ఒకరైన రంగస్వామి శ్రీనివాసన్ మద్రాసులోనే పుట్టి చదువుకున్నారు. చెన్నై ఆయన్ను ఇంకా గట్టిగా గుర్తుపెట్టుకోవాలి. 1990 ప్రాంతంలో గ్రీసు వైద్యుడు పల్లికారిస్ కత్తినీ లేజరునూ కలిపారు. కత్తితో కార్నియాపై పలుచని పొర కోసి ఎత్తడం, కింది భాగాన్ని లేజరుతో చెక్కడం, పొరను తిరిగి పరచడం: అదే లేసిక్.

చిక్కు కత్తి దగ్గరే వచ్చింది. 160 మైక్రాన్లని (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు) రాసి ఉన్న పరికరం అంతే కోస్తుందన్న హామీ లేదు. 120 రావచ్చు, 180 కూడా రావచ్చు. అదే బ్లేడుతో రెండో కన్ను చేస్తే పొర సాధారణంగా ఇంకా పలుచగా వస్తుంది. మరీ పలుచనైతే పొర మధ్యలో చిల్లు పడవచ్చు. మందమైతే ప్రమాదం వేరు. 540 మైక్రాన్ల కార్నియాలో పొరకు 160, మైనస్ ఎనిమిది పవర్ సరిచేసేందుకు లేజరు చెక్కడంలో సుమారు 120 పోతే కింద 260 మిగులుతుంది. పొర 180 వస్తే మిగిలేది 240. కనీసం 250 ఉండాలన్నది వైద్యులు చాలాకాలంగా పాటిస్తున్న హద్దు. లేసిక్ తర్వాత బలహీనపడిన కార్నియా ఉబ్బి వంగిన కేసులను 1998లో జర్మనీ వైద్యుడు సైలర్ బృందం వెల్లడించాక ఈ లెక్క బరువు అందరికీ తెలిసింది.

2000ల మొదట్లో, బ్లేడుకు బదులు పొరను కోసే ఫెమ్టోసెకండ్ లేజరు (అతి స్వల్ప కాలపు మెరుపులతో పనిచేసేది) వచ్చింది. ‘బ్లేడు లేకుండా’ అంటే ఇదే. దాని వెనకున్న సాంకేతికతకు 2018లో నోబెల్ దక్కింది. దీనితో లోతులో హెచ్చుతగ్గులు బాగా తగ్గాయి. కొందరికి కొన్ని వారాలు వెలుతురు గుచ్చుకునే ఇబ్బంది మాత్రం దీనితోనే వచ్చింది.

అందుకే ప్యాకేజీ పేరుకన్నా ముందు డాక్టరు గారిని అడగాల్సినవి: నా కార్నియా మందం ఎంత, పొర ఎంత అనుకుంటున్నారు, పొర ఎత్తాక మిగిలింది కొలుస్తారా?