లామినేషన్ కార్డులోకి నీళ్లు ఏ దారిన వెళ్తాయి?

పిల్లలకు ఇంట్లోనే చదువు చెప్పుకుంటున్న కడప పాఠకురాలు ఒకరు పంపిన ప్రశ్న ఇది. గుణింతాలు, ఎక్కాలు, పండ్ల పేర్లు ఏ4 కాగితం మీద ముద్రించి, జిరాక్సు షాపులో లామినేషన్ చేయించి, ఇంటికి తెచ్చాక కత్తెరతో కార్డులుగా కోసుకున్నారట. కొద్ది వారాలకే అంచులు పొరలుగా విచ్చుకుని లోపల గోధుమరంగు మరకలు వచ్చాయని, ఇంకా మందమైన పౌచ్ (కాగితాన్ని నడుమ పెట్టి వేడి చేసే ప్లాస్టిక్ కవరు) వేయిస్తే ఆగుతాయా అని అడిగారు. ఆగవు. 125 మైక్రాన్ల (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు) పౌచ్ బదులు 250 మైక్రాన్లది వేయించినా ఇదే జరుగుతుంది, ఎందుకంటే నీళ్లు ప్లాస్టిక్ గుండా లోపలికి పోలేదు, కత్తెర తెరిచిన దారిలో పోయాయి.

ప్రమిదలో నూనె ఒత్తి కొసకు ఎలా చేరుతుందో గమనించండి. దూది పోగుల మధ్య అతి సన్నని సందులుంటాయి. నూనెకు ఆ పోగుల మీదున్న ఆకర్షణ వల్ల అది సందుల వెంట తనంతట తానే పాకుతుంది. దూదిలో 90 శాతం దాకా సెల్యులోజ్ అనే మొక్కల నార పదార్థమే ఉంటుంది, కాగితం కూడా ప్రధానంగా సెల్యులోజ్ పోగుల అల్లికే. కాబట్టి లామినేషన్ చేశాక కోసిన కార్డు అంటే రెండు ప్లాస్టిక్ రేకుల నడుమ పరిచిన ఒత్తి అన్నమాట. ఒత్తి చుట్టూ ఎంత మందంగా ప్లాస్టిక్ చుట్టినా, కొస నూనెలో ఉన్నంతసేపు అది పీలుస్తూనే ఉంటుంది. పైగా ఒత్తికి నూనెలో మునిగే కొస ఒకటే, కార్డుకు నాలుగు వైపులా కొసలే. ముద్రణ కాగితానికి తయారీలోనే నీటిని కొంత అడ్డుకునే పదార్థం కలుపుతారు గానీ, అది పీల్చుకోవడాన్ని నెమ్మది చేస్తుందే తప్ప ఆపదు.

ఈ పాకుడు వేగానికి లెక్క ఉంది. 1918లో లూకాస్, 1921లో వాష్‌బర్న్ అనే శాస్త్రవేత్తలు విడివిడిగా తేల్చిన సూత్రం ప్రకారం, ద్రవం ప్రయాణించే దూరం కాలం వర్గమూలానికి అనుపాతంలో ఉంటుంది. తలతన్యత (ద్రవం ఉపరితలాన్ని బిగించి ఉంచే బలం), సందు వ్యాసార్థం పెరిగితే దూరం పెరుగుతుంది, స్నిగ్ధత (ద్రవం చిక్కదనం) పెరిగితే తగ్గుతుంది. మొదటి నిమిషంలో నీరు పోయిన దూరానికి రెట్టింపు పోవాలంటే మొత్తం నాలుగు నిమిషాలు, మూడింతలు పోవాలంటే తొమ్మిది నిమిషాలు పడుతుంది. అంటే నీటి పరుగంతా మొదటి క్షణాల్లోనే. తడిగుడ్డతో ఒక్కసారి తుడిచినా అంచు తన వాటా తాను పీల్చేసుకుంటుంది. ద్రవం ఇలా సన్నని సందుల వెంట పాకడాన్నే కేశనాళికీయత అంటారు. మన బళ్లలో ఆ మాట అనగానే సన్నని గాజుగొట్టం బొమ్మ గీయించి నిర్వచనం బట్టీ పట్టిస్తారు. అంచు కోసిన కార్డును సిరా కలిపిన నీళ్లలో నిలబెట్టి, రంగు ఎక్కడిదాకా ఎక్కిందో నిమిష నిమిషానికీ గీత గీయమంటే పిల్లలు ఆ వర్గమూలాన్ని కళ్లతోనే చూస్తారు.

అసలు ముప్పు ఆ తరువాత మొదలవుతుంది. విడి కాగితం ముక్కను నీళ్లలో నిలబెడితే తడి కొంత ఎత్తుకు ఎక్కి ఆగుతుంది, ఎందుకంటే కింది నుంచి వచ్చేంత నీరూ ఆ ఎత్తులో ఆవిరైపోతూ ఉంటుంది. ఒత్తి కొసన మంట నూనెను తినేస్తున్నట్టే ఇక్కడ గాలి నీటిని తినేస్తుంది. ప్లాస్టిక్ రేకుల మధ్యనున్న కాగితానికి ఆ వెసులుబాటు లేదు: లోపలికి వచ్చిన నీరు పక్కకు పాకుతూ పోతుంది, బయటికి పోవాలంటే మళ్లీ ఆ సన్నని అంచు గుండానే పోవాలి. ఏడాదికి సుమారు 550 మిల్లీమీటర్ల వానతో సరిపెట్టుకునే అనంతపురం ఎండలో మామూలు అట్టముక్క కొద్ది నిమిషాల్లో ఆరిపోతుంది, లామినేషన్ చేసిన కార్డు మాత్రం లోపల రోజుల తరబడి తడిగానే ఉండి బూజుకు ఇల్లవుతుంది. తడి విషయంలోనైతే అంచు తెరిచిన లామినేషన్ కన్నా అసలు లామినేషన్ లేకపోవడమే మేలని నేనంటాను.

అంచులు విచ్చుకోవడం కూడా జిగురు లోపం కాదు. కాగితంలో పోగులను పట్టి ఉంచేది ప్రధానంగా వాటి మధ్యనున్న హైడ్రోజన్ బంధాలు, అంటే అణువుల మధ్య ఉండే ఒక రకం ఆకర్షణలు. నీటి అణువులు ఆ బంధాల నడుమ దూరి తామే అక్కడ కట్టుకుంటాయి, పోగులు అడ్డంగా ఉబ్బుతాయి. అందుకే ఊడిన రేకును చూస్తే దాని లోపలి వైపు పలచని కాగితపు పొర అంటుకుని వస్తుంది. జిగురు పట్టు విడవలేదు, కాగితమే మధ్యలో రెండుగా చీలింది.

మందు సులభం: ముందు కోసి, తరువాత లామినేషన్ చేయించాలి. కార్డుకూ కార్డుకూ మధ్య 6 మిల్లీమీటర్లు వదిలి పౌచ్‌లో పేర్చి, వేడి చేశాక ఆ సందు మధ్యలో కోస్తే, ప్రతి కార్డు చుట్టూ 3 మిల్లీమీటర్ల మేర ప్లాస్టిక్ ప్లాస్టిక్‌తోనే అతుక్కుని ఉంటుంది. అక్కడ పోగులు లేవు, కాబట్టి ఒత్తీ లేదు. ఏ4 కాగితం 210, 297 మిల్లీమీటర్లు అయితే దాని పౌచ్ సాధారణంగా 216, 303 ఉండేది ఇందుకే. ఖర్చు పెరుగుతుందని అనుకోనక్కరలేదు. ఏటీఎం కార్డు అంత ముక్కలు, అంటే 54, 86 మిల్లీమీటర్లవి, అంచు వదలకుండా ఏ4లో రెండు వరుసల్లో ఐదేసి చొప్పున పది పడతాయి. చుట్టూ 3 మిల్లీమీటర్లు వదిలితే ఒక్కొక్కటి 60, 92 అవుతుంది, అవీ పౌచ్‌లో రెండు వరుసల్లో ఐదేసి చొప్పున పదే పడతాయి. షాపువాళ్లకు పేర్చే ఓపిక ఉండదు గనుక ఇంట్లోనే పేర్చి, కదలకుండా ఒక్కో కార్డు వెనక చిన్న జిగురు చుక్క పెట్టి తీసుకెళ్లడం మంచిది.

మెషిన్ అందుబాటులో లేకపోతే ఇస్త్రీ పెట్టె చాలు. పౌచ్ రేకులో పైపొర పాలియెస్టర్, అది కరగడానికి దాదాపు 250 డిగ్రీల సెల్సియస్ కావాలి. లోపలి పొర సాధారణంగా ఇథిలీన్ వినైల్ అసిటేట్ అనే జిగురు ప్లాస్టిక్, అది 100 డిగ్రీల లోపే మెత్తబడి కరుగుతుంది. ఈ రెంటి మధ్యనున్న పెద్ద తేడాయే లామినేషన్ కిటుకంతా. ఇస్త్రీ పెట్టె మీద ఒక్క చుక్క గుర్తు అంటే సుమారు 110 డిగ్రీలని అర్థం. అక్కడ మొదలుపెట్టి, ఆవిరి లేకుండా, పైన నూలుగుడ్డ పరిచి, గాలి బయటికి పోయేలా మధ్య నుంచి అంచులకు నొక్కుతూ పోవాలి. వేడి మీదే బరువైన పుస్తకాల కింద పెట్టి చల్లారనిస్తే వంకర పోకుండా గట్టిపడుతుంది.

ఇంకా చవకైనది ప్యాకింగ్ టేపు. మూడు అంగుళాల టేపు వెడల్పు సుమారు 72 మిల్లీమీటర్లు. 54 మిల్లీమీటర్ల కార్డుకు రెండు పక్కలా తొమ్మిదేసి మిగులుతాయి, అంచు మూయడానికి అంత అక్కరలేదు కూడా. ఒకవైపే అంటిస్తే కాగితం ఎండాకాలంలో కుంచించుకుని ఒకవైపుకూ, వానకాలంలో ఉబ్బి రెండోవైపుకూ వంగుతుంది, కాబట్టి రెండు వైపులా అంటించాలి. ఈ జిగురు ఒత్తిడికీ కాలానికీ మెల్లగా పారి పట్టు పెంచుకునే రకం, అందుకే చెంచా వెనక భాగంతో గట్టిగా రుద్దాలి. దీని లోపం మన సీమ దుమ్ము: జిగురు చల్లారి గట్టిపడేది కాదు గనుక, కోసిన అంచు చుట్టూ నల్లని గీత కడుతుంది. మెత్తని పీవీసీ కవర్లు మాత్రం వద్దు, వాటిని మెత్తగా ఉంచే రసాయనం మెల్లగా బయటికి వచ్చి జిరాక్సు అక్షరాలను కవరుకు అంటించేస్తుంది.

మూలలను గుండ్రంగా కత్తిరించమనడం అందానికి కాదు. రేకును ఊడదీయడానికి కావలసిన బలం ఆ క్షణంలో ఊడుతున్న గీత పొడవును బట్టి ఉంటుంది. పదునైన మూల కొసన ఆ పొడవు దాదాపు సున్నా, కాబట్టి పిల్లవాడి గోరు చాలు. గుండ్రని మూలలో మొదటి నుంచే ఎక్కువ పొడవు ఎదురు నిలుస్తుంది. సరస్వతీ పూజ నాడు కార్డులకు నాలుగు మూలలా తడి పసుపు బొట్లు పెట్టే ఇళ్లున్నాయి. బొట్టు పెట్టడాన్ని నేను కాదనను, కానీ వెతికి వెతికి బలహీనమైన చోటే తడి పెట్టడం ఎందుకు, మధ్యలో ప్లాస్టిక్ మీద పెడితే అమ్మవారు ఏమీ అనుకోదు.

వేడి చేసే ముందు కాగితం ఏ రకమో చూసుకోవాలి. డబ్బు లెక్కలు నేర్పడానికి బస్సు టికెట్లనూ బిల్లులనూ కార్డులుగా చేసేవారు అవి మెషిన్‌లో నల్లబడిపోయాయని వాపోతుంటారు. వేడికి రంగు పుట్టే రసాయనం పూసిన కాగితం అది, దాని జిరాక్సు తీయించి లామినేషన్ చేయించాలి. జిరాక్సు పొడి ప్లాస్టిక్ రెసిన్ గనుక తడికి చెదరదు, స్కెచ్ పెన్నుతో రాసినది చెదురుతుంది.

ఇప్పటికే అంచు కోసేసిన కార్డులను మళ్లీ కొత్త పౌచ్‌లో వేయడం దండగ కాదు, కానీ ముందుగా వాటిని పొడి ఎండలో కొన్ని రోజులు ఆరనివ్వాలి, లేకపోతే ఉన్న తడినే లోపల బంధించినట్టవుతుంది. బూజు మరక పడినవాటిని కొత్తగా ముద్రించుకోవడమే మంచిది. మిగిలినవాటికి నాలుగు అంచుల మీదుగా సన్నని పారదర్శక టేపును మడిచి అంటిస్తే తడిగుడ్డ తుడుపుకు తట్టుకుంటాయి, బకెట్లో పడితే మాత్రం తట్టుకోవు.