అరచేతి చెమటకు పార్టీ ఉంటుందా?

"రాజకీయం మనిషి రక్తంలోనే ఉంటుందా?" అని ఒక పాఠకుడు అడిగారు. రక్తం సంగతి చివర్లో చూద్దాం. ముందు చెమట గురించి చెప్పాలి.

భయమేస్తే ముచ్చెమటలు పట్టాయంటాం. ఒంటి మీద చాలాచోట్ల చెమట ముఖ్యంగా వేడికి పోస్తుంది, అరచేతుల్లో మాత్రం టెన్షన్‌కు పోస్తుంది. రెండు వేళ్లకు చిన్న ఎలక్ట్రోడ్లు తగిలించి, మనిషికి తెలియనంత తక్కువ కరెంటు పంపితే, తడి చేతికి తగలకముందే దొరికిపోతుంది. మెదడు ఉలిక్కిపడగానే సింపథెటిక్ నాడులకు, అంటే ఒంటిని ప్రమాదానికి సిద్ధం చేసే నాడులకు, కబురు వెళ్తుంది. ఈ నాడులు చివర్లో మామూలుగా నార్ఎడ్రినలిన్ అనే రసాయనం వదులుతాయి, చెమట గ్రంథుల దగ్గర మాత్రం మరో రసాయనమైన ఎసిటైల్‌కోలిన్ వదులుతాయి. తరగతిలో దీన్ని ఒక్క మార్కు ప్రశ్న చేసి వదిలేస్తారు, నాకది బాధగా ఉంటుంది. అంత అందమైన మినహాయింపు ఇది! గ్రంథుల సన్నని గొట్టాల్లోకి ఉప్పునీరు ఎగబాకుతుంది. అందులో కరెంటు తేలిగ్గా పారుతుంది కాబట్టి, ఒకటి నుంచి మూడు సెకన్లలో తెర మీద గీత పైకి లేస్తుంది. దాన్ని, కరెంటు ఎంత తేలిగ్గా పారుతుందో చెప్పే మైక్రోసీమెన్స్‌లో కొలుస్తారు. చేతి గీతల్లో జాతకం వెతికేవాళ్లకు ఈ ఒక్క గీత చూపించాలనిపిస్తుంది నాకు.

2008లో అమెరికాలోని నెబ్రాస్కాలో 46 మందికి ఇలా ఎలక్ట్రోడ్లు పెట్టి, ముఖం మీద పాకే పెద్ద సాలీడు, పురుగులు పట్టిన పుండు లాంటి బొమ్మలు చూపించారు. గీత బాగా లేచినవాళ్లు రక్షణ ఖర్చు, మరణశిక్ష వైపు, అంతగా లేవనివాళ్లు విదేశాలకు సాయం, తుపాకుల నియంత్రణ వైపు మొగ్గారని 'సైన్స్' పత్రికలో రాశారు. 2020లో మరో బృందం ఇంకా ఎక్కువమందితో, పద్ధతిని ముందే నమోదు చేసి మళ్లీ చేస్తే ఆ సంబంధం కనపడలేదు. 46 మంది చాలా తక్కువ. పైగా గీత ఎంత లేచిందో తెలుస్తుంది గానీ ఎందుకు లేచిందో తెలియదు. భయమైనా, అసహ్యమైనా, పట్టలేని సంతోషమైనా ఊరేది అదే ఉప్పునీరు.

ఇక రక్తం. 2005లో అమెరికా కవలల వివరాలతో ఒక అధ్యయనం వచ్చింది. ఒకే అండం నుంచి పుట్టిన, అంటే జన్యువులు దాదాపు ఒకటే అయిన కవలల అభిప్రాయాలు మిగతా కవలల కంటే ఎక్కువగా కలిశాయి. బళ్లో ప్రార్థన, ఆస్తి పన్ను లాంటి విషయాల్లో మనిషికీ మనిషికీ ఉన్న తేడాలో దాదాపు 40 శాతాన్ని జన్యువులకు ముడిపెట్టారు. అది జనం మధ్య తేడాల లెక్క, ఒక్క మనిషి బుర్రలో వాటా కాదు. అదే కవలలను ఏ పార్టీ మీది అని అడిగితే మాత్రం జన్యువుల వాటా బాగా పడిపోయింది, కలిసి పెరిగిన ఇంటి వాటా దాన్ని మించిపోయింది.